ఇంటికి తల్లి, ఊరికి పెద్ద: సుసన్నా సాల్టర్ జీవిత స్మరణ

లేఖన భాగములు: ఆదికాండము 50:15-21, న్యాయాధిపతులు 4:4-10, 5:7, సామెతలు 31:10-31

ముఖ్యాంశము: మనుష్యులు ఏ ఉద్దేశముతో అప్పగించినను, దేవుని యెదుట నమ్మకముగా చేయబడిన పని వ్యర్థము కాదు.

ఉపోద్ఘాతము

తెలుగు సంఘములలో వృద్ధురాలైన ఒక తల్లి ప్రభువునందు నిద్రించినప్పుడు జ్ఞాపకార్థ కూడిక జరుగుట వాడుక. కుమారులు, కుమార్తెలు, కోడండ్రు, మనుమలు దూర ప్రాంతములనుండి వచ్చి కూడుకొందురు. పాదిరిగారు వాక్యము చెప్పుదురు. సంఘ పెద్దలును స్త్రీల సమాజము వారును సాక్ష్యమిత్తురు. ఆ సాక్ష్యములు సాధారణముగా రెండు త్రోవలలో నడచును. ఆ తల్లి ఏదైన పదవిలో నుండినయెడల ఆమె పదవులును సన్మానములును వరుసగా చెప్పబడును. ఆమె ఇల్లు మరుగున పడిపోవును. పదవి లేనియెడల ఆమె వంటయు, ఓర్పును, పిల్లల పెంపకమును చెప్పబడును. ఊరికి ఆమె చేసిన మేలు ఎవరికిని జ్ఞాపకమునకు రాదు.

ఈ రెండు విధములలోను సగము జీవితమే స్మరింపబడుచున్నది. సామెతలు 31వ అధ్యాయములోని స్త్రీ తన యింటివారి నడతలను కనిపెట్టును, దీనులకు చెయ్యి చాపును. ఆమె పనులు గవినియొద్ద ఆమెకు ఘనత కలుగజేయును. గవిని అనగా ఊరి పెద్దలు కూర్చుండి న్యాయము తీర్చు స్థలము. ఇల్లును గవినియు ఒక్క అధ్యాయములోనే, ఒక్క స్త్రీయందే కలిసియున్నవి. ఈ సత్యమును గ్రహించుటకు అమెరికా దేశములోని ఒక చిన్న పట్టణములో జీవించిన సుసన్నా మెడోరా సాల్టర్ చరిత్ర మిక్కిలి సహాయకరముగా నున్నది.

1. ఆమె పెరిగిన ఇల్లు

సుసన్నా 1860 మార్చి 2న ఒహాయో రాష్ట్రములో జన్మించెను. ఆమె తలిదండ్రులు ఇంగ్లండునుండి వలస వచ్చిన క్వేకరుల వంశీయులు. దేవుని యెదుట స్త్రీ పురుషులిద్దరును సమానముగా మాటలాడవచ్చునని నమ్మిన సమాజము క్వేకరులది. వారి ఆరాధనలో ఆత్మచే ప్రేరేపింపబడిన స్త్రీ లేచి వాక్యము చెప్పుటకు అడ్డు లేకుండెను. అట్టి వారసత్వము గల కుటుంబములో పుట్టిన బాలికకు, నలుగురి యెదుట మాటలాడుట పాపమను తలంపు కలుగుటకు కారణమే లేదు.

1872లో ఆ కుటుంబము పశ్చిమముగా ప్రయాణము చేసి, కాన్సాస్ రాష్ట్రములో సిల్వర్ లేక్ అను చోట 80 ఎకరముల పొలములో స్థిరపడెను. సుసన్నా తరువాత మాన్‌హాటన్ అను ఊరిలోని వ్యవసాయ కళాశాలలో చదివెను. అయితే పట్టము పొందుటకు కొన్ని వారములే మిగిలియుండగా వ్యాధిచేత చదువు మానవలసి వచ్చెను. ఆ కళాశాలలోనే ఆమెకు లూయిస్ సాల్టర్ పరిచితుడాయెను. 1880లో వారికి వివాహము జరిగెను. 1882లో వారు కాన్సాస్ దక్షిణ భాగమందలి ఆర్గోనియా అను క్రొత్త ఊరికి చేరిరి. లూయిస్ అచ్చట ఇనుప సామానుల దుకాణమును నడుపుచు, న్యాయశాస్త్రము చదువుకొనుచుండెను. 1885లో ఆర్గోనియా పురముగా ఏర్పడినప్పుడు దానికి మొదటి మేయరు సుసన్నా తండ్రియైన ఆలివర్ కిన్సీయే.

పట్టము చేతికి రాలేదు. చదువు మాత్రము వ్యర్థము కాలేదు. పిల్లలను పెంచుచునే ఆమె ఊరి సంగతులను తెలిసికొనుచుండెను. ఆమె ఇంటిలో ఊరిని గూర్చిన మాటలు పరాయి మాటలు కావు.

2. ఆ దినములలో ఊరి పరిస్థితి

1880లో కాన్సాస్ ప్రజలు తమ రాష్ట్ర రాజ్యాంగములోనే మద్య నిషేధమును చేర్చుకొనిరి. అమెరికాలో అట్లు చేసిన మొదటి రాష్ట్రము అదియే. అయినను చట్టము వ్రాయుట వేరు, దానిని అమలుపరచుట వేరు. చాటుగా మద్యము సాగుచునే యుండెను. కూలి డబ్బు త్రాగుడుకు పోయి, పిల్లలు ఆకలితో నిద్రించిన ఇండ్ల బాధ తల్లులకే తెలియును. 1874లో ఏర్పడిన క్రైస్తవ స్త్రీల మద్యపాన నిరోధక సంఘము ఆ తల్లుల కన్నీటినుండి పుట్టినదే. ఆర్గోనియాలోను దాని శాఖ యొకటి స్థాపింపబడెను. సుసన్నా అందులో బాధ్యతగల సభ్యురాలు.

ఈ సంఘమునకును భారతదేశమునకును సంబంధము లేకపోలేదు. దాని నాయకురాలైన ఫ్రాన్సెస్ విలార్డునకు మన పండిత రమాబాయి స్నేహితురాలు. 1887లో, అనగా ఈ పాఠములో చెప్పబడు సంఘటనలు జరిగిన సంవత్సరములోనే, రమాబాయి అమెరికాలో పర్యటించుచు భారతదేశపు విధవల దుస్థితిని అచ్చటి స్త్రీలకు తెలియజేయుచుండెను. ఒకే కాలమున ఒకే ఆత్మభారము రెండు దేశముల స్త్రీలను కదలించెను.

1887 ఆరంభములో కాన్సాస్ శాసనసభ స్త్రీలకు పురపాలక ఎన్నికలలో ఓటు హక్కునిచ్చెను. ఆర్గోనియా స్త్రీలు ఈ హక్కును ఊరి మేలుకొరకు వినియోగింపనెంచి, ఏప్రిల్ ఎన్నికకు ముందు సభ కూడి, మద్య నిషేధమును గట్టిగా అమలుపరచు యోగ్యులైన పురుషుల పేర్లతో ఒక జాబితాను సిద్ధపరచిరి. సంఘాధ్యక్షురాలు లేనందున ఆ సభకు సుసన్నాయే అధ్యక్షత వహించెను. స్త్రీలు రాజకీయములలో చేయి పెట్టుట సహింపని కొందరు పురుషులకు ఇది నవ్వులాటగాను కంటకముగాను తోచెను.

3. ఎగతాళిగా మొదలైన ఎన్నిక

ఆ పురుషులు రహస్యముగా కూడి ఒక పన్నాగము పన్నిరి. స్త్రీలు సిద్ధపరచిన జాబితానే మరల అచ్చు వేయించి, మేయరు స్థానములో మాత్రము సుసన్నా సాల్టర్ పేరు పెట్టిరి. ఆ కాలములో అభ్యర్థుల పేర్లను ముందుగా ప్రకటింపవలెనను నియమము లేకుండెను. ఆమెకు స్త్రీల ఓట్లు కొన్ని మాత్రమే పడును, ఊరంతయు నవ్వును, ఇక స్త్రీలెవరును ఎన్నికల మాట యెత్తరు అని వారి ఆలోచన.

1887 ఏప్రిల్ 4 ఉదయమున ఓటర్లు చీటీలు చూచి ఆశ్చర్యపడిరి. రిపబ్లికను పార్టీకి చెందిన కొందరు పెద్దలు ఈ కుతంత్రమును గ్రహించి తిన్నగా సాల్టర్ ఇంటికి వెళ్లిరి. ఆ సమయమున సుసన్నా బట్టలు ఉతుకుచుండెను. జరిగిన సంగతి చెప్పి, ఎన్నికయైనచో పదవిని స్వీకరించెదవా అని వారడిగిరి. ఆమె స్వీకరించెదననెను. అంతట వారు వెళ్లి ఆమె పక్షముగా పనిచేసిరి. స్త్రీలు తాము నిర్ణయించిన అభ్యర్థిని విడిచి అందరును ఆమెకే ఓటు వేసిరి. సాయంకాలమునకు లెక్క చూడగా మూడింట రెండు వంతుల ఓట్లు ఆమెకే పడియుండెను.

అవమానపరచుటకు వ్రాయబడిన పేరు ఆ విధముగా గెలిచెను. అప్పటికి ఆమె వయస్సు 27 సంవత్సరములు. నలుగురు పిల్లల తల్లి. భర్తకు మొదట ఈ సంగతి రుచింపలేదు. తరువాత తాను మేయరు భర్తనని హాస్యముగా చెప్పుకొనుచుండెను. అమెరికాలో మేయరు పదవిని నిర్వహించిన మొదటి స్త్రీగా ఆమె చరిత్రలో ఎంచబడుచున్నది.

ఆ ఉదయమున ఆమె ఇచ్చిన జవాబును నిదానముగా ధ్యానింపవలెను. ఆమె ఆ పదవిని కోరలేదు, దానికొరకు ఎవరిని ఆశ్రయింపలేదు. తనను ఎగతాళి చేసిరని తెలిసినప్పుడు రెండు త్రోవలు ఆమె యెదుట నుండెను: సిగ్గుపడి తలుపు మూసికొనుట, లేక కోపముతో వీధికెక్కుట. ఆమె ఈ రెండింటిని విడిచి, పని వచ్చినది, చేయుదును అను భావముతో ఒప్పుకొనెను. చేయుచున్న ఇంటి పని ఆమెకు హీనము కాదు. రాబోవు ఊరి పని ఆమెకు అతిశయమును కాదు.

4. ఆ యొక్క సంవత్సరము

సుమారు 500 మంది నివసించు ఊరికి ఆమె మేయరాయెను. మొదటి సమావేశములో ఆమె సభ్యులతో, మీరు ప్రజలచేత ఎన్నుకొనబడినవారు, నేను అధ్యక్షత వహించుదానను మాత్రమే, మీ అభిప్రాయమేమని వినయముగా అడిగెను. స్త్రీ కుర్చీలో కూర్చుంటే ఊరు తలక్రిందులగునని భయపడినవారికి ఆ మాటలు సమాధానమాయెను. ఎగతాళి చేసినవారిమీద పగ తీర్చుకొనుటకు ఆ కుర్చీని ఆమె వాడుకొనలేదు.

ఆమె పరిపాలన ఎట్లుండునో చూచుటకు వార్తాపత్రికలు ఆసక్తి చూపెను. దూర దేశములనుండియు ఉత్తరములు వచ్చెను. న్యూయార్కు పత్రిక యొకటి విలేకరిని పంపెను. అయితే వ్రాయుటకు గొప్ప వింతలేమియు దొరకలేదు. ఆ సంవత్సరము నెమ్మదిగా, క్రమముగా గడచెను. ఆమె అద్భుత కార్యములు చేసెనని చెప్పుట సత్యము కాదు. స్త్రీ పరిపాలించినను ఊరు ఊరుగానే యుండునని చూపుటయే ఆమె చేసిన మేలు. ఆ సంవత్సరపు సేవకు ఆమెకు ముట్టిన జీతము ఒక్క డాలరు.

పత్రికలు అంతగా వ్రాయని సంగతి మరియొకటి కలదు. ఆ సంవత్సరములోనే ఆమెకు ఒక బిడ్డ పుట్టి, ఆ సంవత్సరములోనే మరణించెను. లోకమంతయు మేయరును చూచుచుండగా, ఆ ఇంటిలో ఒక తల్లి ఖాళీయైన ఊయల ప్రక్కన నుండెను. బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి ఆ శోకము ఎంతటిదో వివరించి చెప్పనక్కరలేదు. ఆ దుఃఖమును గూర్చి ఆమె ఏమి పలికెనో చెప్పుటకు ఎవరును సాహసింపరాదు. ఆమె తన పదవీకాలమును ముగించెనని మాత్రము చరిత్ర చెప్పుచున్నది. ఆమె సన్మానమును స్మరించువారు ఆ చిన్న సమాధిని మరచినయెడల, సగము జీవితమునే స్మరించినవారగుదురు.

5. పదవి తరువాత డెబ్బదిమూడు సంవత్సరములు

సంవత్సరము ముగియగానే మరల పోటీ చేయుటకు ఆమె ఇష్టపడలేదు. ఆ తరువాతను ఏ పదవిని కోరలేదు. 1893లో ఓక్లహోమా ప్రాంతములో క్రొత్త భూములు నివాసమునకు తెరువబడినప్పుడు ఆ కుటుంబము అచ్చటికి వలస వెళ్లెను. లూయిస్ న్యాయవాదిగా పనిచేసి, ఒక పత్రికను కూడ స్థాపించెను. సుసన్నా మొత్తము తొమ్మండుగురు పిల్లలను కనెను. 1916లో భర్త మరణించెను. ఆ తరువాత పిల్లల చదువు నిమిత్తము విశ్వవిద్యాలయమున్న నార్మన్ పట్టణమునకు ఆమె నివాసము మార్చెను. తన పట్టము చేతికి రాకుండపోయిన ఆ తల్లి పిల్లల చదువు కొరకు ఊరు మారెను.

1933లో ఆర్గోనియాలో ఆమె గౌరవార్థము ఒక కంచు ఫలకము ప్రతిష్ఠింపబడెను. 1961 మార్చి 17న, 101 సంవత్సరములు నిండిన రెండు వారములకు ఆమె నార్మనులో మరణించెను. ఆమె దేహమును ఆర్గోనియాకు తెచ్చి భర్త ప్రక్కన సమాధి చేసిరి. ఆమె నివసించిన ఇల్లు 1971లో అమెరికా చారిత్రక స్థలముల జాబితాలో చేర్చబడెను.

లెక్కించి చూచినయెడల నూటొక్క సంవత్సరముల జీవితములో పదవి ఒక్క సంవత్సరమే. మిగిలిన నూరు సంవత్సరములు బిడ్డగా, భార్యగా, తల్లిగా, విధవరాలుగా గడచినవి. కంచు ఫలకము ఆ ఒక్క సంవత్సరమును గూర్చియే. దేవుని గ్రంథములో మాత్రము నూటొక్క సంవత్సరములును వ్రాయబడియున్నవి.

6. లేఖనముల వెలుగులో

మొదటిది, యోసేపు చరిత్ర. ఆదికాండము 50:20లో అతడు తన అన్నలతో చెప్పిన మాటల భావమేమనగా, వారు తనకు కీడు చేయ నుద్దేశించిరి, దేవుడైతే అనేకుల ప్రాణరక్షణ కొరకు దానిని మేలుగా మార్చెను. ఇందులో గమనింపవలసినది ఒకటి కలదు. దేవుడు మేలు చేసెను గనుక అన్నలు చేసినది కీడు కాదని యోసేపు చెప్పలేదు. కీడును కీడే అనెను. అయినను వారిని దండింపక పోషించెను. ఆర్గోనియా పురుషుల పన్నాగము కూడ మంచిది కాదు. అది మేలుగా మారుటలో దేవుని కృపయు, ఆమె వినయమును, సాటి స్త్రీల ఐకమత్యమును కనబడుచున్నవి.

రెండవది, దెబోరా చరిత్ర. ఆమె ప్రవక్త్రి, న్యాయాధిపతి. ప్రజలు తీర్పుకొరకు ఆమె యొద్దకు వచ్చుచుండిరి. బారాకు ఆమె తోడు లేనిదే యుద్ధమునకు పోననెను. ఆమె లేచి వెళ్లెను. అయినను తన పాటలో ఆమె తన్ను న్యాయాధిపతి యని గాని సైన్యమును నడిపించినదానను అని గాని చెప్పుకొనక, ఇశ్రాయేలులో తల్లినని చెప్పుకొనెను (న్యాయాధిపతులు 5:7). ఆమెకు తల్లితనము అధికారమునకు అడ్డు కాలేదు. అధికారము ఎట్లు నడుపవలెనో అదియే నేర్పెను.

మూడవది, 2 సమూయేలు 20వ అధ్యాయములోని ఆబేలు పట్టణపు యుక్తిగల స్త్రీ. యోవాబు సైన్యము ప్రాకారమును పడగొట్టుచుండగా ఆమె మాటలాడి పట్టణమును కాపాడెను. ఆమె పేరు వ్రాయబడలేదు. చిన్న ఊళ్లను కాపాడిన తల్లులలో ఎక్కువమంది ఇట్టివారే. మనుష్యులకు వారి పేర్లు తెలియవు. వారివలన నిలిచిన గోడలు తెలియును.

7. నేటి తెలుగు సంఘమునకు

ఈ చరిత్ర దూర దేశపుదైనను దాని పాఠము దూరమైనది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా ఉద్యమమువలన చదువు నేర్చుకొనిన స్త్రీలు సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి. ఆ ఉద్యమము వ్యాపించి, 1993లో రాష్ట్రమంతట సారా అమ్మకము నిషేధింపబడుటకు కారణమాయెను. ఆ స్త్రీలకును పదవులు లేవు. ఇంటి బాధయే వారిని వీధిలోనికి నడిపించెను.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారము పంచాయతీలలో మూడవ వంతుకు తక్కువ కాకుండ స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల చట్టములు సగము స్థానములను స్త్రీలకిచ్చినవి. అయితే పేరు భార్యది, పెత్తనము భర్తది అను పరిస్థితి అనేక గ్రామములలో కనబడుచున్నది. సర్పంచి సంతకము చేయును, మాట మాత్రము మరియొకరు చెప్పుదురు. అట్టి స్థానములో కూర్చుండబెట్టబడిన క్రైస్తవ సోదరికి సుసన్నా జీవితము ధైర్యమిచ్చును. ఆమె పేరు పెట్టినవారి ఉద్దేశము ఏదైనను, ఆ స్థానములో చేయవలసిన పనికి దేవుని యెదుట లెక్క అప్పగించవలసినది ఆమెయే. గనుక ఆమె కాగితములు తానే చదువవలెను, తెలియనిది సిగ్గుపడక అడిగి తెలిసికొనవలెను, బీదవాని మనవిని తానే వినవలెను. ఆమె భర్తయు సంఘమును ఆమెకు తోడుగా నిలువవలెను గాని ఆమెకు బదులుగా కూర్చుండరాదు.

పదవి రాని తల్లులును నిరాశపడనక్కరలేదు. కొంచెములో నమ్మకముగా నుండువాడు ఎక్కువలోను నమ్మకముగా నుండునని లూకా 16:10లో ప్రభువు బోధించెను. ఇంటి లెక్కలను న్యాయముగా చూచుకొను స్త్రీకి ఊరి లెక్కలును అప్పగింపవచ్చును. అప్పగింపబడకపోయినను ఆమె నమ్మకత్వము దేవుని యెదుట తక్కువ కాదు.

సంఘములు తమ తల్లులను స్మరించునప్పుడు వారి జీవితమును నిండుగా స్మరింపవలెను. ఆమె కూర్చున్న కుర్చీని చెప్పుడి, ఆమె ఉతికిన బట్టలను చెప్పుడి. ఆమె పొందిన ఘనతను చెప్పుడి, ఆమె పాతిపెట్టిన బిడ్డను మరువకుడి. మరియు ఆ మాటలు సమాధివరకు దాచియుంచక, ఆమె చెవులు వినుచుండగనే చెప్పుడి. సామెతలు 31:28 ప్రకారము పిల్లలు లేచి తల్లిని ధన్యురాలందురు. ఆమె బ్రదికియుండగనే వారట్లు చేయుదురు.

చర్చించుటకు ప్రశ్నలు

1. ఎగతాళిగా అప్పగింపబడిన పనిని విశ్వాసి ఏ మనస్సుతో స్వీకరింపవలెను? యోసేపు మాటలు ఇందుకు ఎట్లు సహాయపడుచున్నవి?

2. దెబోరా తన్ను తల్లియని చెప్పుకొనుటలో అధికారమును గూర్చిన ఏ బోధ కలదు? మార్కు 10:42-45తో పోల్చి చూడుడి.

3. స్థానిక సంఘములో స్త్రీలకు పేరు మాత్రమిచ్చి, పని ఇతరులు నడుపు సందర్భములు కలవా? వాటిని ఎట్లు సరిదిద్దవచ్చును?

4. సంఘములోని వృద్ధ తల్లులలో ఇంతవరకు ఎవరును స్మరింపని మేలు చేసినవారెవరు? ఈ వారములో వారిని దర్శించి కృతజ్ఞత చెప్పుడి.

ప్రార్థనాంశములు

గ్రామ పంచాయతీలలోను పురపాలక సంఘములలోను సేవచేయుచున్న సోదరీమణుల జ్ఞానము కొరకును ధైర్యము కొరకును. త్రాగుడువలన నలుగుచున్న కుటుంబముల విడుదల కొరకు. బిడ్డలను పోగొట్టుకొనిన తల్లుల ఓదార్పు కొరకు. సంఘములోని వృద్ధ మాతల జీవితములకై కృతజ్ఞతాస్తుతులు.